ఇరవై ఒక్క నిమిషాల వార్త

ముందే చెప్పేస్తున్నాను, లయొనెల్ పాస్కోని పొగడ్డం నాకు చేతకాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా పక్కపక్క ఇళ్లలో ఉంటున్నాం. నా నిమ్మచెట్టు కొమ్మ తన టెలిస్కోపుకి అడ్డొస్తోందని నన్ను అడక్కుండానే రంపం పెట్టి కోసేసిన మనిషి. ఇదేం పని అని అడిగితే, "ఆకాశం అటువైపే ఉంది కదా పిల్లా, నిమ్మకాయలదేముంది, ఎటైనా కాస్తాయి" అన్నాడు. నాకప్పటికే యాభై దాటాయి. ఆయనకి మాత్రం ఇవాళ్టికీ పిల్లనే.

ఆయన పని మెయిలు మోయడం. రైలు స్టేషన్ నుంచి మా ఊరు ముల్గండ్రికీ, చుట్టుపక్కల గొర్రెల ఫారాలకీ వారానికి మూడు ట్రిప్పులు, అన్నీ మట్టిరోడ్లే, ముప్పై తొమ్మిదేళ్లు అదే పని. ఇంటికొస్తే నక్షత్రాలు. టెలిస్కోపు అద్దం కూడా కొన్నది కాదు, వంటింటి బల్ల మీద ఆర్నెల్లు రుద్ది తనే చేసుకున్నాడు. ఆ ఆర్నెల్లూ వాళ్లావిడ డోరీన్ పళ్లెం ఒళ్లో పెట్టుకుని తింది. మహాతల్లి, ఒక్క మాట అనలేదట. నేనైతే ఆ అద్దాన్ని వీధిలో విసిరేసేదాన్ని.

ఈయన గుండెలో ముల్లు దిగింది పంతొమ్మిదివందల ఎనభై ఏడులో. ఆ ఫిబ్రవరిలో మన దక్షిణపు ఆకాశంలో ఒక నక్షత్రం పేలింది, ఉత్త కళ్లకే కనబడేంతగా. సిడ్నీలో ఉన్న స్నేహితుడొకడు వెంటనే ఉత్తరం రాశాడు, "ఇది అందిన రాత్రే చూడు" అని. ఆ ఉత్తరం వచ్చి ఎవరి సంచిలో పడింది? లయొనెల్ మోసే మెయిలు సంచిలోనే! పైనెక్కడో వానలు పడి వాగు పొంగింది. వ్యానూ, సంచీ, మనిషీ అందరూ ఒక గొర్రెల ఫారంలో నాలుగు రోజులు ఇరుక్కుపోయారు. సంచికి సీలుంది, దార్లో విప్పకూడదు. ఆ నాలుగు రోజులూ ఆకాశం అద్దంలా ఉంది. ఈయన ఉన్ని కోసేవాళ్లతో పేకాడుతూ కూర్చున్నాడు, ఆ ఉత్తరం ఉన్న సంచినే వీపుకి దిండుగా పెట్టుకుని. ఆ తరవాత నెలల తరబడి చూశాడనుకోండి. కానీ మొదటి రాత్రులు పోయాయి. "లోకమంతా చూశాక చూశాను" అని ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

అందుకే లైబ్రరీకి ఇంటర్నెట్ వచ్చిన రోజున అందరికంటే ముందు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది ఈయనే. లైబ్రరీ నాదే, అంటే నేను నడిపేదే. "ఇందులో ఆకాశం వార్తలు ఏ రోజువి ఆ రోజు వస్తాయా?" అని అడిగాడు. వస్తాయన్నాను. వచ్చాయి కూడా, కుప్పలుతెప్పలుగా! అయిదువందల ఏళ్లకొకసారి వచ్చే వింత అని వారానికొకటి. ఎవరు రాశారో తెలీదు, ఎప్పుడు రాశారో తెలీదు. తోకచుక్క పని అయిపోయిందని రాసేవాడు ఒకడు, తీరా చూస్తే అది ఉత్తరాన ఉన్నవాళ్లకి అయిపోయింది, మనకి అప్పుడే మొదలవుతోంది.

అలాంటి ఒక పేజీ నేనే చూపించాను. పద్నాలుగో తారీకు పద్దెనిమిది గంటలకి ఉల్కల వాన అని ఉంది. అది ఏ గడియారమో రాయలేదు. లయొనెల్ చొక్కా ఇస్త్రీ చేసుకుని ఊరందరినీ పిలిచాడు. పద్నాలుగు సాయంత్రం ఆరింటికి ఫుట్‌బాల్ మైదానంలో రెండొందలమందిమి దుప్పట్లు కప్పుకుని పైకి చూస్తూ కూర్చున్నాం. సాసేజీలు కాలాయి, టీ చల్లారింది, మెడలు పట్టేశాయి. మూడు గంటల్లో కనబడినవి రెండు ఉల్కలు, ఒక విమానం. అది గ్రీనిచ్ సమయమట. మాకు పది గంటలు కలుపుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి నిజంగానే వాన పడింది. చూసింది ఊరంతటికీ బేకరీవాడొక్కడే. వాడు ఆర్నెల్లు బ్రెడ్డు ఇస్తూ, "ఏం లయొనెల్, ఇవాళ గొడుగు తెచ్చుకోనా?" అని అడిగేవాడు.

ఇన్నేళ్లు గ్రీనిచ్ లెక్కలు వేసిన మనిషికి ఆ పొరపాటు ఎంత సిగ్గో ఊహించుకోండి. ఆ దెబ్బతో కంప్యూటర్‌కి దణ్ణం పెట్టేశాడు. పోస్టులో వచ్చే పత్రిక ఒక్కటే నమ్మేవాడు. "కాగితం మీద అచ్చేసినవాడి పేరు ఉంటుంది, తిట్టడానికి వీలుంటుంది" అనేవాడు. సిగ్గు ఆయనది, తప్పు నాది. పైకి అనలేదుగానీ నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి ఆకాశం వార్త ఏది చూసినా ఒక అట్టముక్క మీద రాసుకోవడం మొదలుపెట్టాను: ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఏ గడియారం, ఇంకెవరైనా అదే అంటున్నారా. రెండో నోరు దొరక్కపోతే నోరు మూసుకోవడమే. అలా వెతగ్గా వెతగ్గా పనికొచ్చేవి నాలుగైదు పేజీలు తేలాయి. అడిలైడ్‌లో హెస్టర్ అని ఒకావిడ పరిచయమైంది. ఆవిడా ఈ పిచ్చిలోనిదే.

ఇక అసలు సంగతి. లయొనెల్‌కి ఒకే ఒక్క కోరిక మిగిలింది, మరుగు చూడాలని. అంటే ఆకాశంలో ఎక్కడో తిరిగే ఒక రాతిముక్క సరిగ్గా ఒక నక్షత్రానికి అడ్డొస్తుంది. నాలుగైదు సెకన్లు నక్షత్రం ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. ఆ నీడ భూమ్మీద సన్నటి పట్టీలా పోతుంది, ఆ పట్టీలో నిలబడ్డవాడికే కనబడుతుంది. ఎన్ని సెకన్లు ఆరిందో ఎక్కడెక్కడివాళ్లో చెప్తే ఆ రాయి ఎంతుందో లెక్క కడతారు. పదిహేడుసార్లు వెళ్లాడు. మబ్బు, పొగమంచు, చచ్చిన బ్యాటరీ, ఒకసారి టెలిస్కోపుని ఆవు పడేసింది. పదిహేడుసార్లూ ఉత్తచేతులే.

పోయిన జూన్‌లో ఒక సోమవారంనాటికి ఆయనకి ఎనభై అయిదు నిండుతున్నాయి. ఆ వయసు వస్తే లైసెన్సు మారుతుంది, ఇక ఊరు చుట్టుపక్కలే నడపాలి. దానికి ముందు శనివారం సాయంత్రం ఆరూ నలభై ఏడుకి ఒక మరుగుంది. పత్రికలో మ్యాపు ప్రకారం నీడ పడమరగా నూట ముప్పై కిలోమీటర్ల దూరంలో పోతుంది. "ఇదే ఆఖరిది" అన్నాడు కంచె మీదుగా. నవ్వుతూనే అన్నాడు. పన్నెండున్నరకి టెలిస్కోపు టార్పాలిన్‌లో చుట్టి తన పాత యూట్ బండి వెనక తొట్టిలో కట్టుకుని బయల్దేరాడు. మొబైల్ ఎప్పట్లాగే డ్రాయర్‌లో ఉండిపోయింది.

ఒంటిగంటకి లైబ్రరీ మూసి, ఊరికే ఓసారి చూద్దామని పేజీ తెరిచాను. ఓరి భగవంతుడా! మ్యాపు మారిపోయింది. ఆ రాయిని ముందురోజు కొత్తగా కొలిచారట, లెక్క దిద్దారు. నీడ తూర్పుకి జరిగి నేరుగా ముల్గండ్రి మీద కూర్చుంది. మా వీధి మీద. ఆయన ఆ నీడలోంచి లేచి, నీడ పడని చోటికి ఒళ్లు హూనం చేసుకుని పోతున్నాడు.

అయినా ఫోను ఎత్తలేదు. ఉల్కల వాన గుర్తుంది. హెస్టర్‌కి రాసి, గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. "నేను విడిగా లెక్కేశాను, నాకూ మీ ఊరే వస్తోంది" అని జవాబు. అప్పుడు సగందారిలో పెట్రోలూ తిండీ అమ్మే రోడ్‌హౌస్‌కి చేశాను.

"ఇప్పుడే వెళ్లాడు గ్వెండా తల్లీ" అంది అది నడిపే నరెల్. "మాంసం పెట్టిన పై తిని, సాస్ ఎక్కువేశానని నన్ను తిట్టి మరీ వెళ్లాడు. పది నిమిషాలైంది."

"వెనక్కి పిలవాలే! యూట్‌లో మెయిలు మోసిన రోజులనాటి రేడియో ఉంది, లారీవాళ్లతో మాట్లాడేది, ఎప్పుడూ పెట్టుకునే ఉంటాడు."

నరెల్ బయటికెళ్లి డీజిల్ కొట్టించుకుంటున్న లారీవాణ్ణి పట్టుకుంది. డూగల్ అని, మూడు ట్రైలర్ల బండివాడు. వాడి రేడియో దగ్గర ఫోను పెట్టింది. అంతా వినిపిస్తోంది నాకు.

"లయొనెల్! క్రీమ్ కలర్ యూట్, వెనక ఫిరంగి! వింటున్నావా?"

గరగర. "ఎవడ్రా నువ్వు?"

"డూగల్‌ని. నీ నీడ ఇల్లు మారిందట. మీ ఊరికే వస్తోందట, వెనక్కి తిరగమంటోంది గ్వెండా."

గరగర. తరవాత, "ఎవరు చెప్పారట?"

డూగల్ నన్నడిగాడు. అట్టముక్క చూసి చెప్పాను, లెక్క కట్టినవాళ్ల పేరుతో సహా.

"ఎప్పుడు చెప్పారు?"

"ఇవాళే. ఒకటీ పదికి."

"ఏ గడియారం?"

"గ్రీనిచ్! మనకి పదకొండూ పది!" అని అరిచాను. డూగల్ చెవి చిల్లుపడి ఉంటుంది. "రెండో నోరు హెస్టర్! విడిగా లెక్కేసింది! ఇంకేం కావాలి ముసలాయనా, స్టాంపు పేపరు మీద రాసివ్వనా?"

డూగల్ అంతా ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు, స్టాంపు పేపరుతో సహా. మళ్లీ గరగర. 

"టీ పెట్టమని నరెల్‌కి చెప్పు" అంది రేడియో. "తిరిగి అటే వస్తున్నా."

నాలుగు దాటాక పెరట్లో టెలిస్కోపు దించాడు, బట్టలారేసే ఇనపగొడుగు పక్కన.   నాకు ఒకటే భయం. లెక్క తప్పితే ఆయన ఆఖరి ప్రయాణాన్ని నా నోటితో నేనే చెడగొట్టినట్టు. నక్షత్రం ఎక్కడుందో తెలుసా? సరిగ్గా నా నిమ్మచెట్టులో కొమ్మ కోసేసిన సందులో.

ఆరూ నలభై అయిదు. పక్కన టేప్ రికార్డరు తిరుగుతోంది, సమయం చెప్పే రేడియో టిక్కు టిక్కుమంటోంది. ఆరూ నలభై ఆరు. ఆయన కన్ను అద్దానికి ఆనించి కదల్లేదు. 

"పోయింది!"

అంత గొంతు ఆయనకుందని నాకు తెలీదు. పక్కవీధి కుక్కలు లేచాయి.

"వచ్చింది!"

నేను అక్కడే గడ్డి మీద కూలబడ్డాను. అమ్మయ్య, అమ్మయ్య అని ఎన్నిసార్లు అనుకున్నానో. టేపు వెనక్కి తిప్పి మూడుసార్లు కొలిచాడు. నాలుగు పాయింట్ రెండు సెకన్లు. కంచె ఎక్కి దూకి మా వంటింట్లోకి వచ్చాడు, రెండ్రోజుల్లో ఎనభై అయిదు నిండే మనిషి. కంప్యూటర్ ముందు తనే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: ఊరు, పేరు, ఆరిన క్షణం, వెలిగిన క్షణం, గ్రీనిచ్ సమయం. సమయం మాత్రం నాలుగుసార్లు సరిచూశాడు. పంపాడు. పేజీలో ఆ రాయి పేరు కింద అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోట ఒక్క వరుస వచ్చింది. ముల్గండ్రి, ఎల్. పాస్కో. వెనకే హెస్టర్ రాసింది, "మొట్టమొదటి రిపోర్టు మీదే. మిగతావాళ్లంతా ఇప్పుడు మీ వార్త చూసే తెలుసుకుంటున్నారు."

లయొనెల్ గోడ గడియారం వంక చూశాడు. ఏడూ ఎనిమిది. వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"ఇరవై ఒక్క నిమిషాలు" అన్నాడు. కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు. "నాలుగు రోజులు కాదు గ్వెండా. ఇరవై ఒక్క నిమిషాలు."

పిల్లా అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. నేను టీ పెట్టడానికి లేచాను.