పిలుపుకు కదలని గీతలు

శంషాబాద్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూలో మెదడు పనితీరు చూసే ఈఈజీ పరీక్ష చేసే సునీల, రోగి జుట్టును పాయలుగా విడదీసి, జిగురు రాసి, తలనిండా తీగలు అంటిస్తుంది. స్పృహ లేని మనిషితోనూ, "జర సల్లగుంటది బాపూ" అని చెప్పిగానీ చెయ్యి వెయ్యదు. రక్తంలో విషం పాకినవాళ్ల మెదడు ఎంత మత్తులో మునిగిందో తెర మీది గీతలు చెబుతాయి. పేరు పెట్టి పిలిస్తే అవి మారాలి. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోసే మైసయ్యకు కాలి పుండు చీము రక్తానికెక్కి నాలుగు రోజులైంది. సునీల మూడుసార్లు పిలిచినా గీతలు మారలేదు. తెలిసిన గొంతయితే వింటాడేమోనని అతని భార్య కొండమ్మను లోపలికి తీసుకొచ్చింది.

"పేరు పెట్టి పిలువమ్మా."

"మొగణ్ని పేరు పెట్టి ఎట్ల పిలుస్త బిడ్డా? నలభై ఏండ్లల్ల ఎన్నడూ పిలవలే."

చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతని చెవి దగ్గరికి వంగి, "మైసయ్యా" అంది. గీతలు అలాగే మందంగా సాగాయి. కొండమ్మ భయంభయంగా తెరవైపు చూసింది.

"కోపమొచ్చినట్టు కనబడ్తుందా బిడ్డా?"

ఎవరేమడిగినా డాక్టరు గారు చెబుతారనడం సునీలకు అలవాటే. ఈసారి మాత్రం తీగలు ఊడదీసి, మైసయ్య జుట్టులోని జిగురు తడి దూదితో తుడిచి, దువ్వెన తీసి, పాపిడి ఏ పక్కకు తీయాలని కొండమ్మను అడిగింది.