ఉత్తగనే

బిచ్కుంద నుంచి వారం వారం నడిచివచ్చి యేసు మాటలు చెప్పే ఆమెను మా బజారంతా ప్రభువక్క అనేది. "రక్షణ ఉత్తగనే ఇస్తడన్నా, చేతులు చాపితే చాలు," అంటూ రెండు అరచేతులూ తెరిచి చూపేది.

"ఉత్తగిచ్చేది పుచ్చు సరుకే అయితదక్కా," అనేవాణ్ణి. అడిగినా చిటికెడు ఉప్పు కొసరు వెయ్యని దుకాణం నాది.

వాంతులు, భేదుల గత్తర వచ్చి నా భార్య పోయింది. అయినవాళ్లెవరూ గడప తొక్కలేదు. ప్రభువక్క ఒక్కతే జావ తెచ్చింది. తాగకముందే ఆమె కొంగులో బెల్లం గడ్డ పెట్టబోయాను.

"ఏదన్న ఇయ్యనిదే తాగవా అన్నా?"

"నాకు చేతగాదక్కా."

"గందుకే దేవుడు గూడ నీ గడప బయటనే నిలబడ్డడు," అని బెల్లం నా చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది.

మరుసటి వారం రాలేదు. ఆమెనూ గత్తర తీసుకుపోయిందన్నారు.

ఇప్పుడు ఎవరూ అడగకుండానే గుప్పెడు ఉప్పు కొసరు వేస్తున్నాను. చేతులు చాపడం మాత్రం ఇంకా రాలేదు.