దాసన్న పండ్ల లెక్క

బద్వేలు దాసన్న ఎదురైనప్పుడు నోరు మూసుకుని మాట్లాడడం క్షేమం. తెరిస్తే పండ్లు లెక్కపెడతాడు.

ఆయనకు తెలిసిన ప్రపంచమంతా పండ్లతో నడుస్తుంది. రంపానికి పండ్లు, దువ్వెనకు పండ్లు, కొడవలికి పండ్లు, గేరుకు పండ్లు, మనిషికి పండ్లు. ఇవి లెక్క ప్రకారం ఉన్నంతకాలం సృష్టికి ఢోకా లేదు. ఒకటి తగ్గిందా, ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ముప్పై నాలుగేండ్లు బస్సు డిపోలో గేర్లు విప్పి, బిగించి, రిటైరై, ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాక కూడా ఈ సిద్ధాంతంలో ఒక్క అక్షరం మార్చుకోలేదు. కొత్త గేరు పెట్టె మీద ఎన్ని పండ్లో అచ్చువేసి ఉన్నా నమ్మడు. "అచ్చేసినోడు గేరును చూసినాడా?" అని ఒక ప్రశ్న వేసి, నేల మీద గోనెపట్ట పరిచి, మొదటి పన్నుకు సుద్దముక్కతో గుర్తుపెట్టి, చూపుడువేలితో ఒక్కొక్కటే తాకుతూ పైకే లెక్కపెడతాడు. తర్వాత తిరగేసి మళ్లీ లెక్కపెడతాడు. రెండు లెక్కలూ కలిస్తే, కలిసినాయి కదా అన్న సంతోషంలో మూడోసారి.

ఇంతమంది పండ్లు లెక్కపెట్టిన మనిషి తన నోరు మాత్రం ఎవరికీ చూపించలేదు. నవ్వొస్తే భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. శానా మర్యాదస్తుడని ఊరు అనుకునేది.

కూతురి పెండ్లిచూపులకు అరుణ్ కుమార్ అనే బ్యాంకు ఉద్యోగి కడప నుంచి వస్తే, జీతం ఎంతని అడగలేదు, ఊరేదని అడగలేదు. "ఒకసారి నోరు తెరువు నాయనా" అన్నాడు. ముప్పై ఒకటి తేలినాయి. పెండ్లివాళ్లు ఊపిరి బిగబట్టారు. దాసన్న మూడోసారి కూడా లెక్కపెట్టి, "ఇంకోటి దావలో ఉన్నట్టుంది. వస్తాదిలే" అని సంబంధం ఖాయం చేశాడు.

ఆ అల్లుడి చేతనే ఒక చారిత్రకమైన పొరపాటు జరిగింది. జీపు ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గుండ్రటి భాగంలో రెండు గేర్లుంటాయి. పెద్దది క్రౌను, చిన్నది పిన్యాను. రెండూ కలిస్తే ఒక జత. దాసన్న ఒకసారి చీటీ రాసి, కడపలో దొరుకుతాయేమో చూడమని అల్లుడికి పంపించాడు. చీటీలో ఉన్నది ఇంతే: "పండ్లు. పెద్దది 43, చిన్నది 8." మామగారి మాట జవదాటని అరుణ్ కుమార్ సాయంత్రానికల్లా బస్సు దిగాడు, నెత్తిన గంపతో. అందులో పెద్ద చీనీపండ్లు నలభైమూడు, చిన్నవి ఎనిమిది. చిన్నవాటి కోసం మూడు అంగళ్లు తిరిగాడట పాపం. దాసన్న గంప దించుకుని, మొదటిదానికి సుద్దముక్కతో గుర్తుపెట్టి, మూడుసార్లు లెక్కపెట్టి, "లెక్క మటుకు సరిపోయింది" అన్నాడు.

ఇంకోసారి ఆయన పక్కవీధి సుంకులమ్మ అంగట్లో పావుకిలో కుంకుమ కొన్నాడని చర్చిలో గుప్పుమంది. చర్చికొచ్చే మనిషికి కుంకుమతో పనేమిటని పాస్టరుగారు స్వయంగా షెడ్డుకొచ్చారు. దాసన్న కుంకుమను నూనెలో కలిపి గేరు పండ్లకు పూస్తున్నాడు. "రెండు గేర్లూ ఒకదాన్నొకటి యాడ తాకుతాండాయో రంగు చెప్తాదయ్యగారూ" అని వివరించి, అంత దూరం వచ్చినారు కదా అని పాస్టరుగారిని నోరు తెరవమన్నాడు.

షెడ్డు మూలలో ఇటుకల మీద దాసన్న సొంత జీపు ఒకటుండేది. రిటైరైన ఏడాది పాతది కొన్నాడు, భార్య విశ్వాసమ్మను అందులో కూర్చోబెట్టుకుని మెదక్ పెద్ద చర్చి చూపిస్తానని. కొని పదకొండేండ్లయింది. ఒక్కొక్క సామానూ విప్పి, లెక్కపెట్టి, నమ్మకం కుదిరాక బిగిస్తున్నాడు. పొద్దున కాఫీ ఇస్తూ విశ్వాసమ్మ అడిగేది:

"మెదక్ యాడికొచ్చింది?"

"స్టీరింగు కాడికొచ్చింది."

ఈ మార్చికి మెదక్ చివరికొచ్చేసింది. వెనక ఇరుసులో కొత్త జత పడింది. ఈస్టరు దాటగానే ప్రయాణం. విశ్వాసమ్మ చీరలు కూడా సర్దుకుంది.

సరిగ్గా అప్పుడే వసంతకుమార్ తన జీపును ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చాడు.

వసంతకుమార్ ఎగువ సిద్ధలమిట్టకూ బద్వేలుకూ మధ్య జీపు తోలేవాడు. ఆ మిట్టకు బస్సు రాదు. మధ్యలో ఉన్న నిటారు రాళ్లెత్తును గాడిద ఎక్కుడు అంటారు. గాడిద కూడా అక్కడ ఒకసారి నిలబడి ఆలోచిస్తుందని. ఆ మిట్టలో పదకొండుమంది పదో తరగతి పిల్లలున్నారు. సోమవారం నుంచి బద్వేల్లో పరీక్షలు. "తొమ్మిదికంతా సెంటరు కాడ దించే పూచీ నాది" అని పిల్లల తల్లిదండ్రులకు వసంతకుమార్ మాటిచ్చాడు. మాటిచ్చిన మూడో దినం, అంటే గురువారం, గాడిద ఎక్కుడు మధ్యలో జీపు వెనక కటుక్కుమంది.

దాసన్న వెనక మూత విప్పి, నల్లటి నూనెలో చెయ్యిపెట్టి రెండు ఇనుప ముక్కలు తీశాడు. పాలపండ్లు ఊడిన పిల్లవాణ్ణి చూసినట్టు జాలిగా చూశాడు.

"చిన్నదానికి రెండు పండ్లు పోయినాయి వసంతూ. పెద్దదాన్ని గూడా కొరికింది. జత మార్చల్ల."

"మార్చేది ఎట్లాగూ మారుస్తాం, ఈసారి తొమ్మిదికి నలభైఒకటి పండ్ల జత ఏద్దాం మామా. రోడ్డు మీద బాగా ఉరుకుతాదంట. కొండ దిగినాక ఇరవై కిలోమీటర్లు తారు రోడ్డే. పరీక్షకు టయానికి పోవల్ల గదా."

దాసన్న ముందు ఇరుసు మూత కూడా విప్పి లెక్కకు కూర్చున్నాడు. మూడుసార్లయ్యాక తలెత్తాడు.

"ముందర ఎనిమిదికి నలభైమూడు ఉండాది. ఎనక తొమ్మిదికి నలభైఒకటి ఏస్తే రెండు ఇరుసులూ రెండు లెక్కలు చెప్తాయి. రాళ్లల్లో నాలుగు చక్రాలకూ పట్టు ఏసినావంటే, ఒగటి ఉరుకుదామంటాది, ఒగటి నిదానంగా పోదామంటాది. ఆ కొట్లాటలో ఏదో ఒగటి ఇరుగుతాది."

"పట్టు ముందరికి ఎయ్యనులే. ఎనక రెండు చక్రాలతోనే పోతా."

"గాడిద ఎక్కుడు మీదనా?"

దాసన్న ఊడిన ఇనుప ముక్కలు రెండూ వసంతకుమార్ అరచేతిలో పెట్టాడు.

"ఎనిమిదికి నలభైమూడు ఉరకదు. లాగుతాది. పిల్లోళ్లు ఎంతమంది?"

"పదకొండు మంది."

దాసన్న షెడ్డు గోడ మీద సుద్దముక్కతో 43 అనీ, 8 అనీ, దాని కింద 11 అనీ రాసుకున్నాడు. పదకొండుమందికి మొత్తం ఎన్ని పండ్లో లెక్కగడుతున్నాడేమోనని వసంతకుమార్ అనుకున్నాడు. ఆ మనిషితో అదీ అసాధ్యం కాదు.

కర్నూల్లో ఒక అంగడికి ఫోన్ చేశారు. శనివారం సాయంత్రం బస్సులో పార్శిలు దిగింది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 43-8 అని ఉంది. వసంతకుమార్ కడుపు చల్లబడింది. దాసన్న గోనెపట్ట పరిచాడు.

"ముప్పైతొమ్మిది. నలభై. నలభైఒకటి."

వేలు సుద్దగుర్తు మీద ఆగింది. తిరగేశాడు. మళ్లీ నలభైఒకటి. మూడోసారీ నలభైఒకటే. చిన్నదానికి తొమ్మిది. పెట్టె ఒకటి, సరుకు ఒకటి.

వసంతకుమార్ మొహం వెలిగిపోయింది. "మామా, నేనడిగిన జతే వచ్చింది చూడు. దేవుడే పంపినాడు."

"దేవునికి లెక్కలొచ్చు వసంతూ. ఇది అంగడోడు పంపినాడు."

"అయితే ఏమంటావు?"

"ఇది ఎయ్యను."

మూడు దినాలుగా లోపల దాచుకున్నదంతా వసంతకుమార్ నోటికొచ్చేసింది. "రేపు ఆదివారం, కర్నూల్లో అంగడి తీయడు. ఎల్లుండి పరీక్ష. పిల్లోళ్లు ఆ కొండ నడిచి దిగల్లనా? రెండు పండ్లు తగ్గితే ఏమైతాది మామా? నీకు పండ్లు కనపడతాయి గానీ మనుషులు కనపడరు. ఊరు నవ్వేది ఊరికే కాదు."

దాసన్న గేర్లను జాగ్రత్తగా కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టాడు. "రేపు ఆరాధన అయినాక రా" అన్నాడు, అంతే.

ఆదివారం వసంతకుమార్ చర్చికి పోయాడు. రెండో బెంచీ చివర దాసన్న చోటు ఖాళీగా ఉంది. ప్రతి వారం సంఘాన్ని లెక్కపెట్టి పాస్టరుగారికి చెప్పే పని ఆయనదే కాబట్టి, ఆ దినం ఎంతమంది వచ్చారన్నది ఈనాటికీ తేలలేదు. ఆరాధన ముగియగానే వసంతకుమార్ విశ్వాసమ్మ దగ్గరికి పోయాడు.

"మామకు జరమా అత్తా?"

"జరమైతే మంచంలో ఉండును. పొద్దున్నుంచి షెడ్డులో ఉండాడు. పోయి చూసుకో."

షెడ్డులో వసంతకుమార్ జీపు నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. మూలలో ఇటుకల మీద ఉన్న జీపుకు వెనక మూత లేదు. లోపల గేర్లు లేవు. దాసన్న చేతులు మణికట్ల దాకా కుంకుమరంగులో ఉన్నాయి.

"ఎనిమిదికి నలభైమూడు" అన్నాడు దాసన్న. "మూడుసార్లు చూసినా."

వసంతకుమార్ ఇటుకల మీది జీపునూ, వెనకే వచ్చిన విశ్వాసమ్మనూ మార్చి మార్చి చూశాడు. "మరి మెదక్?"

"ఆ చర్చి కట్టి నూరేండ్లయింది" అంది విశ్వాసమ్మ. "ఇంకో నెల నిలబడలేదా? పరీక్ష మాత్రం రేపే గదప్పా."

వసంతకుమార్ కండ్లు తిప్పుకున్నాడు. "నిన్న నోరు తెరిచి ఏందేందో అనేసినా మామా."

"తెరిచినప్పుడు చూసినాలే. కింద, కుడిపక్క దవడపన్ను పుచ్చింది. చూపించుకో."

సోమవారం పొద్దున పదకొండుమంది పిల్లలతో ఆ జీపు గాడిద ఎక్కుడును చేరింది. గాడిద నిలబడి ఆలోచించే చోట జీపు ఆలోచించలేదు. నాలుగు చక్రాలూ ఒకే మాట మీద రాళ్లను పట్టుకుని, గొణుక్కుంటూ ఎక్కి, అంతే నిదానంగా అవతల దిగింది. తారు రోడ్డు మీద దాని వేగం వర్ణనాతీతం. రెండు ఆటోలు, ఒక పాలవాడి మోటారు సైకిలు, పెండ్లిబృందం ఒకటీ దాన్ని దాటిపోయాయి. అయినా తొమ్మిదికి పది నిమిషాల ముందే సెంటరు చేరింది.

గేటు దగ్గర దాసన్న నిలబడి ఉన్నాడు.

"గేరు శబ్దం ఎట్లుందో ఇందామని వచ్చినా" అన్నాడు.

వసంతకుమార్ ఆయన్నే గమనించాడు. చెవి జీపు వైపు లేదు. చూపుడువేలు మెల్లగా కదులుతోంది, దిగుతున్న పిల్లల వెంబడి. ఒకటి, రెండు, మూడు. చివరగా జీవిత అనే పిల్ల అట్ట చంకలో పెట్టుకుని దూకింది. పదకొండు. వాళ్లు గేటు దాటేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాడు. పరీక్ష అయిపోయి బయటికొచ్చేటప్పుడు మూడోసారి. పరీక్షలు జరిగిన అన్ని దినాలూ గేరు శబ్దం వినడానికి ఆయన అట్లే వచ్చాడు. ఒక దినం జీపు ఇంజను ఆపేసి ఉన్నా విన్నాడు. షెడ్డు గోడ మీది 11 ఏమిటో వసంతకుమార్‌కు అప్పుడు అర్థమైంది. శనివారం తను అన్న మాట గుర్తొచ్చి, పుచ్చిన పన్ను దగ్గర కలుక్కుమంది.

కర్నూలు అంగడివాళ్లు తప్పు ఒప్పుకుని సరైన జత పంపించారు. పిల్లలు పరీక్ష రాసేంతసేపూ వసంతకుమార్ షెడ్డులో కూర్చుని స్పానర్లు అందించాడు, కుంకుమ కలిపాడు, మూడు లెక్కలకూ సాక్షిగా ఉన్నాడు. విశ్వాసమ్మ ఇద్దరికీ కాఫీ తెచ్చేది.

"మెదక్ యాడికొచ్చింది?"

"రెండో లెక్క కాడికొచ్చిందత్తా" అనేవాడు వసంతకుమార్, దాసన్న కంటే ముందే.

ఆఖరి పరీక్ష అయిన దినం పిల్లలు నేరుగా షెడ్డుకొచ్చారు. నలుగురు కలిసి ఒక గంప మోసుకొచ్చారు. అల్లుడి కథ ఆ మిట్టకు కూడా ఎక్కినట్టుంది.

"తాతా, ఇవి నీకు" అంది జీవిత. "చీనీపండ్లు. పెద్దయి నలభైమూడు, చిన్నయి ఎనిమిది."

గోనెపట్ట జీపు కింద ఉండిపోయింది. దాసన్న భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పరిచి, పండ్లు దాని మీద పోసి, మొదటిదానికి సుద్దముక్కతో గుర్తుపెట్టాడు. పదకొండుమందీ చుట్టూ కూర్చున్నారు. పెద్దవి నలభైరెండు తేలినాయి. మళ్లీ లెక్కపెట్టాడు. నలభైరెండే. మూడోసారి అక్కర్లేకపోయింది. జీవిత మూతి తుడుచుకుంటోంది.

"దావలో ఒక పన్ను ఊడిందే" అన్నాడు దాసన్న.

"ఏం చేయల్ల తాతా. నువ్వేసిన గేరు శానా నిదానంగా పోతాది. ఊరొచ్చేలోపల దప్పికైంది."

దాసన్నకు నవ్వొచ్చింది. చెయ్యి అలవాటుగా భుజం మీదికి పోయింది. తువ్వాలు పండ్ల కింద ఉంది. ఆపుకోవాలని చూశాడు గానీ ఆ నవ్వు ఆగే రకం కాదు. నోరంతా తెరిచి నవ్వాడు.

వసంతకుమార్ చూపుడువేలు దానంతట అదే లేచింది. పైన మూడు. కింద ఐదు.

నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టాడు. ఎనిమిదే.