అత్తను వేరు చేసిన ఫారం

నేను హైస్కూల్లో కన్నడ చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజార్లో ఉర్దూ. రాయచూరులో పుట్టినవాడికి ఇదేమీ గొప్ప కాదు. అయినా కన్నడ వ్యాకరణం చెప్పి చెప్పి జుట్టు నెరిసినవాణ్ణి కదా, కన్నడలో అచ్చువేసిన నాలుగు పేజీల ఫారం నాకే అర్థం కాకపోవడమేమిటని నా మీద నాకే కోపం వచ్చింది. అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. అంతా కలిపి ఏమడుగుతున్నారో మాత్రం అంతుపట్టలేదు.

ఇల్లు బాగుచేసుకోవడానికో, కొత్తగా కట్టుకోవడానికో ప్రభుత్వం ఇచ్చే సహాయం కోసం ఆ ఫారం. మా మేనత్త గది కోసం తెచ్చాను. మా ఇంటి ముందు భాగానికి నాన్న ఉన్నప్పుడే స్లాబు వేయించాడు. వెనక గది ఒక్కటి అలాగే మిగిలిపోయింది. రాతి గోడలు, పైన మట్టి మిద్దె. ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు మన్ను పరిచి తొక్కించేవాళ్లం. పోయిన వానాకాలం చివర్లో నడిమి దూలం నిలువునా పగిలింది. దాని కింద ఒక గుంజ ఆనించాం. ఆ గుంజ పక్కనే అత్త మంచం.

అత్త నాన్నకు చెల్లెలు. ఆమె భర్త హట్టి బంగారు గనిలో పనిచేసేవాడు. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేసి, ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చింది. పిల్లలు లేరు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. అప్పటినుంచీ ఆ వెనక గదే ఆమెది. దూలం పగిలాక ముందు గదిలో పడుకోమని నేనూ నా భార్యా ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నా మంచం నాకు అలవాటైంది అనేది. మళ్లీ తొలకరికి ముంగారు వానలు మొదలైతే ఆ గుంజ ఎన్నాళ్లు ఆపుతుందో చెప్పలేమని మేస్త్రీ తేల్చేశాడు. సొంతంగా స్లాబు వేయించే తాహతు నాకు లేదు.

ఫారం పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా తెలుగాయనే.

"మొదటి ప్రశ్నకే టిక్కు పెట్టలేదేంది సార్?" అన్నాడు.

దరఖాస్తుదారుకు సొంత ఇల్లు ఉందా, లేదా? అదీ మొదటి ప్రశ్న.

"ఉందని పెట్టాల్నా, లేదని పెట్టాల్నా?" అని అడిగాను.

"ఉంటె ఉందని పెట్టుండ్రి."

"ఉందని పెడితె వస్తదా?"

"ఇల్లున్నోళ్లకు కొత్త ఇల్లు ఎందుకిస్తరు సార్?"

"అయితె లేదని పెడ్త."

"లేదంటె మరమ్మతుకు రాదు. లేని ఇంటికి మరమ్మతేంది?"

వెటకారం చేస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు, పాపం, నిజంగానే నాకు సాయం చేయాలని చూస్తున్నాడు. ఇల్లు కచ్చానా, పక్కానా అని ఇంకో ప్రశ్న. గోడలు పక్కా, కప్పు కచ్చా అన్నాను. "రెండిట్ల ఒకటే పెట్టాలె" అన్నాడు. నాకు తల తిరిగిపోయింది. తర్వాతి వారం వెళితే ఆ కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు. మొదటి ప్రశ్న ఖాళీగా వదిలేయమన్నాడు. ఆ పై వారం మొదటాయన మళ్లీ వచ్చి, ఖాళీగా వదిలితే కంప్యూటర్ తీసుకోదన్నాడు. స్కూల్లో పిల్లలు ఇలా జవాబులు చెబితే గోడకుర్చీ వేయించేవాణ్ణి.

చివరికి లోపలి గదిలోని పెద్దాయన కూర్చోబెట్టి విడమరచి చెప్పాడు. అసలు చిక్కు ఇల్లు ఉందా లేదా అన్నది కాదట, నేనట. నెలజీతం తీసుకునేవాడున్న కుటుంబానికి ఈ సహాయం రాదు. అత్త మా కుటుంబంలో మనిషి కాబట్టి ఆమెకూ రాదు. ఆమె వేరుగా ఉంటే వస్తుంది.

"వేరంటె ఎట్ల సార్? ఒకటే ఇంట్ల ఉంటది గదా?" అన్నాను.

"ఇల్లు ఒకటైనా ఫరవాలేదు. ఒక్క పొయ్యి మీద వండుకునేటోళ్లంత ఒక్క కుటుంబం. పొయ్యి వేరైతె కుటుంబం వేరు. గది ఆమె పేరు మీద చెయ్యుండ్రి, రేషన్ కార్డు వేరే తియ్యుండ్రి. మిగిలింది సర్వేకు వచ్చెటాయన చూసుకుంటడు."

ఎందుకో గాని ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇన్ని వారాల్లో అర్థమైన మొదటి మాట అదే మరి. అది న్యాయమా, మోసమా అన్నది కూడా ఆలోచించాను. అబద్ధం ఆడకూడదు. కానీ ఆ దూలం నా జీతం చూసి ఆగదు కదా. గది అత్త పేరిట రిజిస్టర్ చేయించాను. గోడకు వెనక వీధివైపు ఒక తలుపు పెట్టించాను. కొత్త రేషన్ కార్డు కోసం కాళ్లరిగేలా తిరిగాను.

ఇంట్లో ఈ సంగతి చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. మావైపు వేరు పడటం అన్న మాట గొంతు తగ్గించి చెప్పుకుంటారు. అన్నదమ్ములు కొట్టుకుని మధ్యలో గోడ లేపితే అనే మాట అది.

"వేరు పడుడా? ఎవలు, నేనా?" అంది అత్త.

"కాగితంలనే అత్తా. నిజంగ కాదు."

"నలుగురు ఏమనుకుంటరు? ముసలిదాన్ని ఎల్లగొట్టినరంటరు" అంది నా భార్య.

నేను పాఠం మొదలుపెట్టాను. కన్నడ బేరే, మన వేరు ఒకటే మాట, మనం వ అన్నచోట వాళ్లు బ అంటారు, అంతకు మించి ఏమీ లేదన్నాను. "ఆయన వచ్చి 'బేరే ఇద్దీరా?' అని అడుగుతడు. వేరే ఉన్నరా అని. నువ్వు 'హౌద్రీ, బేరే' అను, అవునండి, వేరే అని. గంతే. ఇంకేం మాట్లాడకు" అని అత్తకు చెప్పాను. ఆమె చేత నాలుగుసార్లు అనిపించాను. మొదటి బెంచీ పిల్లలా బుద్ధిగా అంది.

సర్వే ఆయన ఒక పగటిపూట వచ్చాడు. అప్పటికే మేము అటక మీది ఒంటి పొయ్యి గ్యాస్ స్టవ్వు దింపి అత్త గదిలో పెట్టాం. దాని మీద అన్నం ఉడుకుతోంది. ఆయన దూలాన్ని చూశాడు. గుంజను చేత్తో కదిపి చూసి వెంటనే వెనక్కి జరిగాడు. అత్తను గుంజ పక్కన నిలబెట్టి ఫోన్లో ఫోటోలు తీశాడు. తర్వాత మంచం మీద కూర్చుని ఫారం తెరిచాడు.

"బేరే ఇద్దీరా?"

"హౌద్రీ, బేరే" అంది అత్త.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన రాసుకుని తలెత్తాడు. "ఎప్పట్నుంచి అమ్మా?" అని తెలుగులో అడిగాడు. దీనికి జవాబు నేను నేర్పలేదు.

"వచ్చిన కాడికెల్లి" అంది అత్త.

ఆయన పెన్ను ఆపాడు. అత్త నా వైపు చూడలేదు. స్టవ్వు మంట తగ్గించి, నింపాదిగా చెప్పింది.

"పొయ్యి మొన్నటిదాంక ఒకటే ఉండె సారూ. పొయ్యి ఒకటైతె ఒకటైతమా? వాళ్లందరు తిన్నంక నేను తింట. నా కంచం, నా చెంబు ఈడనే ఉంటయి, ఆడ పెట్ట. సుట్టాలొస్తె ఈ నడిమి తలుపు ఏసుకుంట. టీవీల ఏమొస్తదో ఈడికెల్లే ఇంట. జరమొస్తె, అడిగితె చెప్త, అడగకుంటె చెప్ప. ఒక్కనాడు ఎవలు నన్ను కసురుకోలె. మంచోళ్లే. నేనే వేరు."

నిజం చెప్పాలంటే మొదట శభాష్ అనుకున్నాను. ఇంత బాగా అల్లిందే అని ముచ్చటపడ్డాను. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. ఆమె కంచం ఎక్కడుందని చూస్తే ట్రంకుపెట్టె మీద బోర్లించి ఉంది. మా పెద్దమ్మాయి పెళ్లిచూపులనాడు అత్త ఎక్కడుందా అని గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. ఆమె చెప్పినవన్నీ ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోయాను. ఒక్కటైనా అబద్ధం దొరుకుతుందేమోనని వెతికాను. గుమ్మంలో నిలబడ్డ నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నన్నూ చూడలేదు, అత్తనూ చూడలేదు.

సర్వే ఆయన ఆమె మాటలన్నీ కన్నడలో రాసుకున్నాడు. అత్త చేత వేలిముద్ర వేయించుకుని కాగితం నా వైపు తిప్పాడు. కింద ఇంకో గడి ఉంది. పైన చెప్పినదంతా నిజమని ముందు భాగంలో ఉండే కుటుంబ యజమాని సంతకం చేయాలట.

చదివాను. తప్పులు లేని కన్నడ. పెన్ను చేతిలోకి తీసుకున్నాను. నిజమని సంతకం పెడితే ఇన్నేళ్లూ ఈ మనిషిని ఇలా ఉంచినవాణ్ణి నేనేనని రాసిచ్చినట్టు. పెట్టకపోతే ఇదంతా అబద్ధమని తేలుతుంది, ఆమె మళ్లీ ఆ దూలం కిందే పడుకుంటుంది. ఫారంలో మొదటి ప్రశ్నకు కూడా ఇంత తికమకపడలేదు. ఏమీ తోచక అత్త వైపు చూశాను.

"పెట్టు అల్లుడా, దస్కత్" అంది. "సారుకు ఇంక నాలుగిండ్లు తిరిగేది ఉంటది."

పెట్టాను. మార్కుల జాబితాల మీద పెట్టే సంతకమే, కానీ ఆ రోజు వంకరగా పడింది.

సహాయం మంజూరైంది. అత్తకు ఇల్లు ఉందని రాసుకున్నారో, లేదని రాసుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ముంగారు వానలకు వారం ముందు స్లాబు పడింది. గోడలకు సున్నం వేయించాం. ఆ తర్వాత కూడా చాలా రోజులు, ఆ మాటలు నాకోసం అల్లినవా, లోపలినుంచి వచ్చినవా అని అడగాలని వెనక గదిదాకా వెళ్లి, ఫ్యాన్ తిరుగుతోందా అని అడిగి వచ్చేసేవాణ్ణి. సిగ్గుగా ఉండేది. భయంగా కూడా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేనే వెళ్లి ట్రంకుపెట్టె మీది కంచం తెచ్చి నా కంచం పక్కన పెట్టాను. రమ్మంటే అత్త మారుమాట లేకుండా వచ్చి కూర్చుంది. నా భార్య ముందు ఆమెకే వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక, తలెత్తకుండానే అత్త అడిగింది.

"మల్ల సర్వేకు ఎవలన్న వస్తె ఎట్లరా?"

నా భార్య ఫక్కున నవ్వింది. నేనూ నవ్వబోయి అత్త వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు. కుడిచేత్తో తింటూనే, ఎడమచేత్తో కంచం అంచు పట్టుకుని ఉంది, లేవమంటే లేవడానికి.