చేలకు తోలేసిన కోట

మా చిన్నప్పుడు... వైశాఖమాసపు ఎండల్లో, కోటదిబ్బ దగ్గర మొదట జరిగేవి ఇవి.

1. తెల్లవారేసరికి మా నాన్నగారు ఎడ్లబండిని దిబ్బ పడమటి వాలున ఆపేవారు.
2. మా మామ్మ గునపానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేది.
3. ఆ తర్వాతే తవ్వకం. బూడిదరంగు మన్ను, మధ్యమధ్య కుండపెంకులు, ఒక్కోసారి మూరెడు పొడవున్న ఇటుక.

దాన్ని పాటిమన్ను అంటారు. పూర్వం జనం నివసించిన చోటి మట్టి... చేలో చల్లితే మంచి ఎరువు. మండపేట చుట్టుపక్కల రైతులందరికీ తెలిసిన సంగతే. కానీ మా ఊరి మన్నుకు ఒక కథ కూడా ఉంది.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు, రాజు ఊళ్ళో లేని సమయంలో, రాణిగారు కోట తలుపులు తెరిపించి జనాన్నీ పశువులనూ లోపలికి రానిచ్చిందట. గాదెలు విప్పి అందరికీ అన్నం పెట్టిందట. వరద తీసి జనం ఇళ్ళకు మళ్ళుతుండగా, ఆ తెరిచిన తలుపుల్లోంచే శత్రువులు చొరబడి గాదెలకు నిప్పు పెట్టారట. ఆ ధాన్యం బూడిదే ఈ మన్ను అనీ, రాణిగారు ఇప్పటికీ మన చేలకు అన్నం పెడుతోందనీ మామ్మ చెప్పేది.

"అబ్బాయ్, గునపం మెల్లగా దింపరా. లోపల ఆవిడ ఉంది," అనేది నాన్నగారితో.

"ఆవిడ గానీ లేచిందంటే నీ పక్కన కూర్చుని నాకు పనులు పురమాయిస్తుంది లేవే అమ్మా. నీ ఒక్కదానితోనే వేగలేకపోతున్నాను," అనేవారాయన.

నేను ఒకసారి అడిగాను. "ఇలా అందరూ పట్టుకెళ్తే కోట అయిపోదా నాన్నా?"

"ఇంత కోట మన బండెడుకే తరుగుద్దేంట్రా?" అన్నారు. పక్క బండ్లవాళ్ళూ నవ్వారు.

ప్రతి బండివాడూ అదే అనుకున్నాడు. అదే నాకు ఈ రోజుకీ మింగుడుపడదు. శత్రువు గాదెలు కాల్చాడే గానీ గోడలు పడగొట్టలేదు... వాటిని దండం పెట్టుకుంటూ, కళ్ళకద్దుకుంటూ మేమే తోలేసుకున్నాం. బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. దిబ్బ చదునైపోయింది. చివరికి తూర్పువైపున మనిషెత్తు ఇటుక గోడ ముక్క ఒక్కటే మిగిలింది.

దాన్నయినా నిలబెట్టాలని నేను చెయ్యని ప్రయత్నం లేదు. పాత ఇటుకల గురించి దొరికినవన్నీ సొంతంగా చదువుకున్నాను. గోడను కొలిచి, పటం గీసి, ఇంటింటికీ తిరిగి చూపించాను. ఈలోగా ఊరి మొదట్లో కోట ఆకారంలో సిమెంటు ముఖద్వారం కట్టాలని ఒక కమిటీ ఏర్పడింది. కమిటీ పెద్ద సూరిబాబు గారు నాకు మాట కూడా ఇచ్చారు. "మీ గోడ జోలికి రామండి. నాది పూచీ."

మొన్న ఆదివారం వెళ్ళేసరికి గోడ లేదు. ఆ ఇటుకలనే ముక్కలుగా కొట్టి ముఖద్వారం పునాది గోతుల్లో పోశారు.

"ఏంటండీ ఇది, సూరిబాబు గారూ?"

"కోప్పడకండి. ద్వారం కింద కోట ఇటుక పడితే ఊరికి మంచిదని అందరూ అన్నారండి. మర్యాదలో లోటు చెయ్యలేదు... కొబ్బరికాయ కొట్టాకే పొక్లెయిన్ పెట్టాం."

"కొబ్బరికాయ కొడితే గోడ మళ్ళీ లేస్తుందాండీ?"

"అయ్యబాబోయ్, మీరెప్పుడూ ఇంతేనండీ! ఎదురుగా ఇంత కోట లేపుతుంటే ఆ మొండిగోడ కోసం ఏడుస్తారేంటండీ? రంగులు పడనివ్వండి, ముందు మీరే సెల్ఫీ దిగుతారు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దుర్మార్గులైతే పోట్లాడవచ్చు... భక్తితో, మంచి మనసుతో పడగొట్టినవాళ్ళతో ఏమని పోట్లాడాలి?

నిన్న మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం కోట చూపించమని అడిగింది. స్కూటరు మీద తీసుకెళ్ళాను. చూపించడానికి ఏమీ లేక, రోడ్డుకు రెండువైపులా నాట్లు పడిన చేలవైపు చెయ్యి చాపాను.

"ఇదేనమ్మా మన కోట."

"అది వరి కదా నాన్నా!"

నిజమే... శత్రువులు కాల్చగా మిగిలిన కోటను మా ఊరు ఏటా రెండు పంటలుగా కోసుకుని, అన్నంగా తినేసింది.

మీ ఊళ్ళో ఒక మొండిగోడ, కనీసం ఒక ఇటుక వరుస మిగిలి ఉందా? దాని కథ తీరికగా రాద్దురుగాని... ముందు ఒకసారి వెళ్ళి, అది ఇంకా ఉందో లేదో చూసి వచ్చి చెప్పండి.

ఉదయం 5 గంటల 40 నిమిషాలు.
గుత్తుల వీర వెంకట సత్యనారాయణ