జ్యూరీ నుంచి వచ్చేసరికి

జ్యూరీలో కూర్చోవడం కష్టమవుతుందా అని జడ్జి అడిగితే, ఎవరేమడిగినా పర్వాలేదనడం అలవాటు కాబట్టి అదే అన్నాను. ఈ దేశంలో కేసు విని తీర్పు చెప్పడానికి మామూలు జనాన్నే పిలుస్తారు; అలా నన్ను తీసుకున్నారు.

శాన్ రామన్‌లో మా ఇంట్లోనే పసిపిల్లల డేకేర్ నడుపుతున్నాను. లైసెన్స్ నా పేర ఉంది. నేను లేకుండా రోజుల తరబడి దాన్ని నడపడం కుదరదు. ఉద్యోగస్తులైతే తిరిగొచ్చాక వాళ్ల కుర్చీ వాళ్లకుంటుంది. నా పని పిల్లలతోపాటే వెళ్లిపోతుంది. వారం అనుకున్న విచారణ నెల దాటింది. ఆఫీసులు మానలేక తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని వేరేచోట చేర్చారు.

తీర్పు చెప్పి వచ్చాక ఒక బాబు తల్లికి ఫోన్ చేశాను.

"సారీ ఆంటీ, వాడక్కడ సెటిల్ అయిపోయాడు."

"అన్నం తింటున్నాడా అమ్మా?"

"మీ పప్పన్నమే అడుగుతాడు. మళ్లీ మారిస్తే ఏడుస్తాడు, నాకింక లీవ్ లేదు ఆంటీ."

ఇప్పుడు ఒక్క పాప వస్తోంది. ఆ పాప కోసం తెరిచి ఉంచాలా, మూసేయాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.