చెయ్యెత్తితే పాట ఆగిపోయింది

మా ఆయనది మరమగ్గాల పని. లాక్‌డౌన్‌తో కార్ఖానా మూతపడి, పర్వత్ పాటియా బస్తీలోని మా ఒంటి గదిలోనే ఉంటున్నాడు. ఈ రోజు మా పాప సింధు ఫోన్లో సంగీతం క్లాసుకు కూర్చుంటే, సాయంగా ఉంటానని తానూ ఎదురుగా కూర్చున్నాడు.

మగ్గాల మోతలో మాట వినపడదు. అందుకే ఎక్కడైనా పోగు తెగితే చెయ్యెత్తి సైగ చేస్తారు, వెంటనే మగ్గం ఆపేస్తారు. లేకపోతే గుడ్డ పాడవుతుంది. ఇంట్లోనూ అదే అలవాటు. సింధు స్వరం తప్పినప్పుడల్లా ఈయన చెయ్యి లేచింది, పిల్ల ఠక్కున ఆగిపోయింది. పాట మొదటి లైను దాటితే ఒట్టు.

"ఎందుకాపుతున్నవ్ బిడ్డా?" అని ఫోన్లోంచి టీచరమ్మ అడిగింది.

"బాపు ఆపుమంటుండు మేడం."

"అన్నా, జర ఆఖరిదాక పాడనియ్యుండ్రి. తప్పులు నేను తర్వాత చెప్త."

"గట్లెట్ల మేడం? తెగిన పోగు గట్లనే ఇడిసిపెడ్తరా?" అన్నాడు ఈయన.

"పాటల ఇడిసిపెట్టాలె అన్నా. లేకుంటే పిల్ల భయపడ్తది."

మా ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. సింధు మళ్లీ మొదలుపెట్టింది. తప్పినప్పుడల్లా ఈయన భుజాలు ఎగిరాయి గానీ చేతులు బయటికి రాలేదు. పాట మొదటిసారి చివరిదాకా వెళ్లింది.

"ఇగ తియ్యి బాపూ," అంది సింధు.

తిమ్మిరెక్కిన చేతులతో ఆయన చప్పట్లు కొడితే చప్పుడే రాలేదు.

మీ పిల్లలు పాడేటప్పుడు మీ చేతులు ఎక్కడుంటాయో కాస్త చెప్పండి.